గాయమునకు ఆకుపసరు: అనుభవము, పరీక్ష

పుంగనూరు ప్రాంతమున మల్బరీ తోటలో కొమ్మలు కోయుచున్న మనిషి చేతికి కొడవలి తగిలినదనుకొందము. ప్రక్కనున్నవారు వెంటనే వైద్యునికై పరుగెత్తరు. గట్టుమీద చూపు సారించి, నేలబారున ప్రాకి, పొడుగాటి కాడ చివర చిన్న పసుపు పూవు తలయెత్తిన ఒక మొక్కను వెదకుదురు. నాలుగాకులు త్రుంచి, అరచేత నలిపి, ఆ పసరును గాయముపై పిండుదురు. కొంత మంట పుట్టును. నెత్తురు నిలుచును. గుడ్డపీలిక చుట్టుకొని ఆ మనిషి మరల పనిలో దిగును. పదిదినములకు గాయము మానును. "ఆకు మాన్పినది" అని అందరు అందురు.

ఆ మాట నిజమేనా? నిజమైనచో ఎంతవరకు నిజము? ఆకు మాన్పినదా, లేక ఆకు లేకున్నను ఆ గాయము పదిదినములకు మానియుండెడిదా? వినుటకు ఇది చిన్న ప్రశ్న. కాని దీనికి సమాధానము రాబట్టుటకు శాస్త్రజ్ఞులు ఎన్నో ఏండ్లుగా శ్రమించుచున్నారు. ఆ శ్రమ యెట్టిది, అందువలన మనకు తేలినదేమి, తేలవలసినదేమి అను విషయమును ఈ ప్రసంగమున ముచ్చటించుకొందము.

ముందుగా ఆ మొక్కను గురించి నాలుగు మాటలు. దానిని మనము గడ్డిచామంతి అందుము. కొందరు గాయపాకు అని కూడ వ్యవహరింతురు. కుప్పము మూడు రాష్ట్రముల పొలిమేరలు కలిసెడి చోటు. అచ్చటి సంతలో తెలుగు, తమిళము, కన్నడము మూడును వినవచ్చును. తమిళము మాటలాడువారు ఇదే మొక్కను వెట్టుక్కాయ పూండు అందురు. కోతగాయమునకు వాడు పూండు అని దాని భావము. రెండు భాషల జనులు ఒకే మొక్కకు గాయము పేరిట నామకరణము చేసినారనగా, దాని వెనుక కొంత అనుభవము ఉండక తప్పదు.

విచిత్రమేమనగా, ఈ మొక్క మన దేశమున పుట్టినది కాదు. ఉష్ణమండల అమెరికా దీని జన్మభూమి. చరకుడు దీనిని ఎరుగడు, సుశ్రుతుడు ఎరుగడు. ఎన్నడో కలుపుమొక్కగా వచ్చి మన గట్లమీద, బాటల ప్రక్కన స్థిరపడినది. అనగా మన పల్లెజనులు పెద్దలనుండి విన్నదానిని వల్లించుటయే కాక, క్రొత్తగా వచ్చిన మొక్కను నలిపి, వాసన చూచి, గాయముపై వేసి, ఫలితమును గమనించి, దానికి పేరుపెట్టి పొరుగువారికి నేర్పినారు. ఒక విధముగ ఇదియును పరీక్షయే. అయితే లెక్క వ్రాసిపెట్టని పరీక్ష.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన మెట్టభూములు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి మదనపల్లె చిత్తూరు జిల్లానుండి విడిపోయినను, ఈ మూడు ప్రాంతముల నేల, వాన, వృక్షసంపద ఒక్క తీరువే. ఏనుగు మల్లమ్మ కొండ అని పూర్వులు పిలిచిన హార్సిలీ కొండలు మొదలుకొని కుప్పము వైపున ఏనుగులు తిరుగాడు కౌండిన్య అడవులవరకు కరక్కాయ, తంగేడు, వేప, కానుగ, నేలవేము వంటి మొక్కలకు కొదువ లేదు. ఇచ్చటి జనులు టమాటా తోటలలో, వేరుసెనగ చేలలో, పట్టుపురుగుల పెంపకములో, రాతిగనులలో పనిచేయువారు. కొడవలి, పార, సుత్తి, ముల్లు, రాతిపెల్ల వీరికి నిత్యము ఎదురగునవే. గాయమనునది ఈ ప్రాంతములలో ఎన్నడో ఒకనాడు వచ్చు ఆపద కాదు. అది పనిలో ఒక భాగము.

ఈ ప్రాంతపు నాటువైద్యమును గ్రంథస్థము చేసిన వారు లేకపోలేదు. తిరుపతిలోని హెర్బల్ ఫోక్‌లోర్ పరిశోధన కేంద్రమునుండి వేదవతిగారు తమ సహచరులతో కలిసి చిత్తూరు జిల్లా గిరిజన వైద్యమును గురించి 1997లో ఒక గ్రంథమును వెలువరించినారు. కె. మాధవచెట్టిగారు, వారి సహచరులు చిత్తూరు జిల్లాలోని పుష్పించు మొక్కలను వర్ణించుచు 2008లో ఒక పెద్ద గ్రంథమును ప్రకటించినారు. ఇట్టి పుస్తకముల విలువ మనకు పైకి కనబడదు. సరస్వతి ఆకు అను పేరు చెప్పగానే ఒకరు నీటి ఒడ్డున గుండ్రని ఆకులతో ప్రాకు మండూకపర్ణిని తెచ్చెదరు, మరియొకరు చిన్న దళసరి ఆకులు గల నీరుబ్రాహ్మిని తెచ్చెదరు. పేరు ఒకటి, మొక్క వేరు. మొక్కయే మారినప్పుడు పరీక్షకు అర్థమేమున్నది? అందువలన ఏ పరిశోధకుడైనను మొట్టమొదట చేయవలసిన పని, తాను వాడిన కొమ్మను ఎండబెట్టి, కాగితమున అతికించి, ఇది ఫలానా మొక్క అని వృక్షశాస్త్రజ్ఞునిచేత నిర్ధారణ చేయించుకొని భద్రపరచుట.

ఇక గాయమును గురించి మన పూర్వుల ఆలోచన చూడుడు. సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున వ్రణమునకు అరువది ఉపక్రమములు చెప్పబడినవి. వానిలో ముఖ్యమైనవి రెండు: శోధనము, రోపణము. శోధనమనగా గాయమును శుభ్రపరచుట, చీమును, చెడిన మాంసమును తొలగించుట. రోపణమనగా కొత్త మాంసము పెరుగునట్లు చేయుట. ఈ రెంటిని వేరుచేసి చూచుట ఎంత తెలివైన పనియో నేటి శాస్త్రము తెలిసినకొలది మనకు బోధపడుచున్నది. ఒక ఆకు సూక్ష్మజీవులను చంపవచ్చును, కాని మాంసము పెరుగుటకు తోడ్పడకపోవచ్చును. వేరొకటి మాంసము పెరుగుటకు తోడ్పడవచ్చును, కాని మలినమైన గాయముపై పనికిరాకపోవచ్చును. "ఈ ఆకు గాయమునకు మంచిది" అనుట చాలదు. ఏ గాయమునకు, ఏ దశలో మంచిది అని అడుగవలెను.

గాయము దశలు ఇట్లుండును. చర్మము తెగగానే రక్తము గడ్డకట్టి ద్వారమును మూయును. ఆపైన కొన్ని దినములు వాపు, ఎరుపు, నొప్పి. ఆ సమయమున తెల్లరక్తకణములు వచ్చి మలినమును, సూక్ష్మజీవులను తినివేయును. పిమ్మట ఎఱ్ఱని లేతమాంసము పుట్టును. దానిలో కొల్లాజెన్ అను మాంసకృత్తు దారములవలె అల్లుకొనును. అంచులనుండి కొత్త చర్మము లోపలికి ప్రాకి గాయమును కప్పును. ఇంతటితో పని ముగిసినదని మనమనుకొందుము. కాని లోపల ఆ దారములు పేని బిగియుట నెలల తరబడి సాగును. అప్పటికిని మచ్చపడిన చర్మము తొలినాటి బలములో నూటికి ఎనుబది పాళ్లకు మించి తిరిగి పొందదు.

ఈ పని యంతయు శరీరము తనంతట తానే చేయును. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది. ఆరోగ్యవంతుడైన యువకుని చిన్న గాయము ఆకు వేసినను మానును, వేయకున్నను మానును, విభూతి రాచినను మానును. అట్టి నూరు గాయములు మానుట చూచిన పెద్దమనిషి తన ఆకుపై అచంచలమైన విశ్వాసముతో మాటలాడును. ఆయన అబద్ధమాడుట లేదు. కాని ఆకు వేయని నూరు గాయములను ఆయన ఎన్నడును లెక్కింపలేదు.

ఈ రెండవ నూరును లెక్కించుటయే పరీక్షకు ప్రాణము. ఈ పాఠమును మదనపల్లెవారికి పరాయివారు నేర్పవలసిన పని లేదు. అచ్చటికి సమీపముననే ఆరోగ్యవరమున 1915లో క్షయరోగ చికిత్సాలయము వెలసినది. మన దేశమున 1948లో బి.సి.జి. టీకాలు ఆరంభించిన తొలి స్థలములలో మదనపల్లె యొకటి. ఆ టీకా నిజముగ క్షయనుండి కాపాడునా అని తేల్చుటకు డాక్టరు ఫ్రిమోట్ మోలర్ నాయకత్వమున 1950లో పరిసర గ్రామములలో ఒక పెద్ద పరిశీలన ఆరంభమైనది. పదివేలకు పైబడిన జనులలో కొందరికి టీకా వేసినారు, తక్కినవారికి వేయలేదు. ఏండ్ల తరబడి రెండు వర్గములవారిని గమనించుచు, ఎవరికి రోగము వచ్చినది, ఎవరికి రాలేదు అని లెక్క వ్రాసినారు. ఆ ఫలితములు 1964లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడినవి. తొలి సంవత్సరములలో టీకా రక్షణ స్పష్టముగ కనబడినది, కాలము గడచినకొలది అది తగ్గినది. టీకా వేయని వర్గమును గమనింపకుండిన ఈ రెండు సంగతులలో ఒక్కటియు బయటపడెడిది కాదు. క్షయటీకాకు చెల్లిన న్యాయమే ఆకుపసరుకును చెల్లును.

ఆకులను పరీక్షించు పని ప్రయోగశాలలో ఎలుకలతో మొదలగును. వానికి మత్తు ఇచ్చి, వీపున రోమములు తీసి, మూడు విధములైన గాయములు చేయుదురు. మొదటిది చర్మమును గుండ్రముగ తీసివేసిన గాయము. దాని వైశాల్యము ఎంతెంత తగ్గుచున్నదో దినదినము కొలుతురు. రెండవది నిడుపుగ కోసి కుట్టిన గాయము. కుట్లు తీసిన పిమ్మట ఆ అతుకు తిరిగి విడిపోవుటకు ఎంత బరువు కావలెనో చూచి బలమును నిర్ణయింతురు. మూడవది చర్మము క్రింద ఒక చిన్న గొట్టమునో బిళ్ళనో ఉంచి, దాని చుట్టు పెరిగిన కొత్త మాంసమును తూచి, అందులోని కొల్లాజెన్ ఎంతయో రసాయనికముగ లెక్కించుట. ప్రతి పరీక్షలోను ఒక జట్టుకు ఆకు మందు, వేరొక జట్టుకు ఆకు లేని ఉత్త లేపనము వాడుదురు. ఈ రెండవ జట్టు లేనిదే మొదటి జట్టు లెక్కకు విలువ లేదు.

మన గడ్డిచామంతి ఈ పరీక్షకు నిలిచినదా? మణిపాల్‌లోని కస్తూరిబా వైద్యకళాశాలలో ఉడుపి వంశీయులైన పరిశోధకులు, కులకర్ణిగారు కలిసి చేసిన పరిశోధన 1991లో ప్రకటింపబడినది. కొల్లాజెన్ దారములను ఒకదానితో నొకటి ముడివేయు లైసిల్ ఆక్సిడేజ్ అను ఎంజైము ఒకటి కలదు. గడ్డిచామంతి మొత్తము మొక్క సారమును వాడినప్పుడు ఎలుకల కొత్త మాంసములో ఆ ఎంజైము పని హెచ్చినది. నీటితో తీసిన సారము కూడ పనిచేసినది, కాని అంతగా కాదు. స్టిరాయిడు మందులిచ్చి మానుగుణమును కుంటుపరచిన ఎలుకలలో సయితము ఈ ఆకు సారము తోడ్పడినట్లు తేలినది. గట్టుమీది కలుపుమొక్కకు పల్లెజనులు పెట్టిన పేరు ఊరక పెట్టినది కాదని దీనివలన తెలియుచున్నది.

రెండవ నిదర్శనము మదరాసునుండి. అచ్చటి కేంద్రీయ చర్మ పరిశోధనాలయము 1948లో స్థాపితమైనది. చెప్పులకు, సంచులకు తోలు పదునుచేయు విద్యను పరిశోధించు సంస్థకు గాయములతో ఏమి పని అని మీరు ఆశ్చర్యపడవచ్చును. ఆలోచించినచో సంబంధము దగ్గరిదే. తోలును తోలుగా నిలుపునది కొల్లాజెన్, గాయమును పూడ్చునదియు కొల్లాజెన్. తోలు పదునుచేయుటకు అనాదిగా వాడిన తంగేడు పట్ట, కరక్కాయలలోని వగరు పదార్థము ఆ మాంసకృత్తును పట్టి బిగించును. ఆ సంస్థలో సుగుణ, శివకుమార్, చంద్రకాసన్ గారలు 1996లో సరస్వతి ఆకు సారమును ఎలుకల గాయములపై పరీక్షించి, కొత్త మాంసమున కొల్లాజెన్ పెరిగినదనియు, గాయము త్వరగా చర్మముతో కప్పబడినదనియు ప్రకటించినారు. 2002లో కరక్కాయ సారముతో పరీక్ష జరిగినది. కరక్కాయ వాడిన కోతగాయముల బలము, వాడని వానికంటె సుమారు నూటికి నలువది పాళ్లు హెచ్చుగా ఉండెను. చర్మకారుడు వాడిన కాయయే నాటువైద్యుడును వాడుట కాకతాళీయము కాదేమో!

సరస్వతి ఆకులోని గుణమునకు కారణమైన పదార్థమును విడదీసి చూచినవారు లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధనాలయమువారు. ఆ పదార్థము పేరు ఏషియాటికోసైడు. వేయి పాళ్లకు రెండు పాళ్ల ద్రావకమును గినీపందుల గాయములపై వేయగా, కొల్లాజెన్ లెక్కకు గుర్తుగా కొలుచు పదార్థము నూటికి 56 పాళ్లు, గాయపు బలము 57 పాళ్లు హెచ్చినట్లు వారు 1999లో తెలిపినారు. మధుమేహము కల్పించిన ఎలుకలలో కూడ అది తోడ్పడినది. ఈ చివరి సంగతి మిక్కిలి ముఖ్యమైనది. ఏలయనగా ఆరోగ్యవంతుని వేలికోతకు ఏ మందు లేకున్నను గడచును. చక్కెరవ్యాధి గలవాని పాదమున పుట్టిన పుండు సంగతి అట్లు కాదు. ఆ పుండు మానకపోయినచో వ్రేలు, పిదప పాదము, ఒక్కొక్కప్పుడు కాలే పోవును. ఆకుమందుల పరీక్షకు అసలైన అవసరము అచ్చటనే ఉన్నది.

అయితే ఎలుక మనిషి కాదు. ఎలుక చర్మము వదులుగానుండి, గాయము ముడుచుకొని మూసికొనును. మనిషి గాయము చాలవరకు కొత్త మాంసము పెరిగి పూడవలెను. కావున ఎలుకలో నెగ్గిన మందు మనిషిలో నెగ్గునను హామీ లేదు. ఇందుకు కలబంద ఒక హెచ్చరిక. కాలిన చోట కలబంద గుజ్జు రాయుట మన ఇండ్లలో సర్వసాధారణము. ఉదరమున శస్త్రచికిత్స జరిగి, కుట్లు విడిపోయిన గాయములు గల స్త్రీలకు అమెరికాలో కలబంద గుజ్జుతో చికిత్స చేసి చూచినారు. ఆ పరిశీలన 1991లో వెలువడినది. మామూలు కట్టుతో మానుటకు సగటున 53 దినములు పట్టగా, కలబంద వాడినవారికి 83 దినములు పట్టినది. మేలు చేయుననుకొన్నది ఆలస్యము చేసినది. ఆ పరిశీలనలో పాల్గొన్నవారు కొద్దిమందియే. దానినిబట్టి కలబందను పూర్తిగా నిరాకరింపనక్కరలేదు. కాని మంచిదను పేరు ఉన్నంతమాత్రమున అన్ని గాయములకు మంచిది కాదని గ్రహింపవలెను.

మనుష్యులలో పరీక్ష జరిపి ముందుకు సాగిన దేశములలో థాయిలాండు ఒకటి. మన సరస్వతి ఆకును వారు బువా బోక్ అందురు. అక్కడ కూడ అది పూర్వమునుండి గాయములకు వాడుకలో ఉన్నది. మధుమేహపు పుండ్లతో బాధపడుచున్న రెండువందలమంది రోగులను రెండు వర్గములుగ చేసి, ఒక వర్గమునకు సరస్వతి ఆకు సారపు గుళికలు, రెండవ వర్గమునకు మందు లేని గుళికలు ఇచ్చి చూచిన పరిశీలన 2010లో అచ్చటి వైద్యసంఘ పత్రికలో వెలువడినది. మందు తీసికొన్నవారి పుండ్లు ఎక్కువగా ముడుచుకొన్నవి. చెప్పుకోదగిన దుష్ఫలితములు కనబడలేదు. బువా బోక్ లేపనమును ఆ దేశము తన ముఖ్యౌషధముల జాబితాలో చేర్చుకొన్నది. సామాన్యుని ఇంటి ఆకు ప్రయోగశాలకు పోయి, ఆసుపత్రిలో మనుష్యులపై పరీక్షకు నిలిచి, ఆరోగ్యకేంద్రమున లభించు మందుగొట్టమై తిరిగి సామాన్యుని చేతికి వచ్చినదన్నమాట. మన గడ్డిచామంతికి ఎలుకల పరీక్షతో పాటు ఇట్టి పూర్తి ప్రయాణము కూడ జరుగవలసియున్నది.

పరీక్షించునప్పుడు వాడుకను గూడ గౌరవింపవలెను. 1918లో మదరాసు ప్రభుత్వము దేశీయ ఔషధములను పరిశోధింపుమని డాక్టరు కోమన్ గారిని నియమించినది. నాడు చిత్తూరు జిల్లా ఆ రాజధానిలోనిదే. ఆయన ఔషధములను ఆసుపత్రి రోగులకిచ్చి చూచి, పెక్కింటిని గురించి నిరుత్సాహముగ వ్రాసినారు. ఆయుర్వేద పండితులు దానిపై తీవ్రముగ అభ్యంతరము చెప్పినారు. మా శాస్త్రపద్ధతిని విడిచి మా మందులపై తీర్పు చెప్పుట న్యాయము కాదని వారి వాదము. ఈ వాదములో కొంత సత్యమున్నది. పల్లెలో అప్పుడే నలిపిన పచ్చి పసరు వాడుదురు. ప్రయోగశాలలో ఎండిన ఆకును సారాయిలో నానబెట్టి తీసిన సారము వాడుదురు. రెండును ఒకటి కావు. సారము ఓడినంతమాత్రమున పసరు ఓడినట్లు కాదు, సారము గెలిచినంతమాత్రమున పసరు గెలిచినట్లును కాదు. పల్లెవారు వాడు తీరునను పరీక్ష జరుగుట అవసరము.

వ్రాసిపెట్టిన సాక్ష్యము లేనిచో ఏమగునో పసుపు కథ చెప్పును. గాయమునకు పసుపు వాడుట మన దేశమున పసిపిల్లలకు సయితము తెలిసిన సంగతి. అట్లుండియు 1995లో అమెరికాలోని మిసిసిపి విశ్వవిద్యాలయ వైద్యకేంద్రమునకు ఆ వాడుకపై పేటెంటు లభించినది. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలివారు దానిని ఎదిరించినారు. "మా అమ్మమ్మలు వాడినారు" అను మాట ఆ కార్యాలయమున చెల్లదు. అచ్చులో ఉన్న ఆధారము కావలెను. సంస్కృత గ్రంథములు మొదలుకొని 1953లో భారతీయ వైద్యసంఘ పత్రికలో వచ్చిన వ్యాసమువరకు 32 ఆధారములు చూపినారు. 1997లో పేటెంటు రద్దయినది. దరిమిలా 2001లో మన సంప్రదాయ విజ్ఞానమును క్రోడీకరించు పెద్ద గ్రంథాలయ ప్రణాళిక ఆరంభమైనది. ఇట్టి క్రోడీకరణలో ప్రాచీన గ్రంథముల విద్య సులువుగ చేరును. కుప్పము కొండక్రింది ముసలమ్మ విద్య గ్రంథములలో లేదు. అది వ్రాసుకొనకముందే ఆమెతో కూడ గతించునేమోయని భయము.

మొక్కలే గతించు భయము కూడ కలదు. ఎఱ్ఱచందనము చిత్తూరు, కడప, నెల్లూరు ప్రాంతముల కొండలలో తప్ప సహజముగ దాదాపు ఎచ్చటను పెరుగదు. దాని చేవను అరగదీసి వాపులకు పట్టువేయుట పాతవాడుక. ఆ చేవ పొడితో చేసిన లేపనము ఎలుకల గాయములను, కాలిన పుండ్లను త్వరగా మాన్పినదని కలకత్తా పరిశోధకులు 2004లో తెలిపినారు. అంతకు పూర్వమే, 1995నుండి, ఈ చెట్టు అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాకు ఎక్కినది. అయినను దొంగరవాణా ఆగలేదు. మందుగుణము రుజువైన చెట్టు అడవిలో మిగులకపోయినచో ఆ రుజువు ఎవరికి ప్రయోజనము?

ఇక ఇంటిలో మనము చేయదగినదేమి? ఆకు వేయుట మానుడని నేను చెప్పబోను. కాని వరుస తప్పవద్దు. సుశ్రుతుడు చెప్పినట్లు ముందు శోధనము, పిదప రోపణము. గాయమును పారునీటితో, సబ్బుతో బాగుగ కడుగుట అన్నింటికంటె పెద్ద మందు. ఆకును నోట నమిలి గాయముపై ఉమ్మివేయుట కొన్నిచోట్ల కలదు. ఆ పని ఎన్నడును కూడదు. నోటిలోని సూక్ష్మజీవులు గాయములో చేరును. గట్టుమీది ఆకుకు మట్టి, పశువుల పేడ అంటియుండును. ధనుర్వాతము కలిగించు బీజములు వాసముండునది ఆ మట్టిలో, ఆ పేడలోనే. ఏ ఆకుపసరును ధనుర్వాతము టీకాకు బదులు కాజాలదు. తుప్పుపట్టిన మేకు, ముల్లు, పార గ్రుచ్చుకొని లోతైన గాయమైనప్పుడు ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనుటయే ప్రాణరక్షణ. కుక్కకాటుకు, పాముకాటుకు ఆకులు వెదకుచు కాలయాపన చేయరాదు. చక్కెరవ్యాధి గలవారు పాదమున చిన్న పొక్కు కనబడినను వైద్యునికి చూపవలెను. జిల్లేడు పాలవంటి ఘాటైనవాటిని కంటికి తగులనీయరాదు. గాయము చుట్టును ఎరుపు ప్రాకినను, జ్వరము వచ్చినను, చీము పట్టినను ఇంటివైద్యమును అంతటితో ఆపవలెను.

వైద్యునివద్దకు పోయినప్పుడు ఏ ఆకు వేసినారో దాపరికము లేక చెప్పుడు. వైద్యులును ఆ మాట విని కసరుకొనక, ఏ ఆకు, ఎన్నిదినములు, ఎట్లు వాడినారని అడిగి వ్రాసికొనుట మంచిది. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ఆసుపత్రులలో ఇట్టి వివరములు కొన్ని ఏండ్లు శ్రద్ధగ వ్రాసిపెట్టినచో, ఏ ఆకు మేలుచేయునట్లున్నది, ఏది కీడుచేయుచున్నది అని ఊహించుటకు ఆధారము దొరకును. పెద్ద పరీక్షలకు అది పునాది యగును. విశ్వవిద్యాలయములలో వృక్షశాస్త్రము చదువు విద్యార్థులు తమ తాతలవద్ద కూర్చుండి ఆకుల పేర్లు వ్రాసికొనుట కూడ ఈ పునాదిలో ఒక రాయి.

పల్లెజనుల అనుభవము పరీక్షకు శత్రువు కాదు. ఏ ఆకును పరీక్షింపవలెనో చెప్పునది అనుభవము. అది ఎంతవరకు నిజమో చెప్పునది పరీక్ష. లక్ష మొక్కలలో గడ్డిచామంతి వైపు పరిశోధకుని చేయి చూపినది గట్టుమీద కొడవలి దెబ్బ తగిలిన కూలివాడు. ఆ దారి చూపినవానికి, నమ్మదగిన మందును తిరిగి తెచ్చి ఇచ్చుటయే శాస్త్రము తీర్చుకొనవలసిన ఋణము.